పెళ్లి మండపం మీదికి మా అన్నయ్య ఎలా రావాలి? సలహా చెప్పండి

గూడెం అమ్మాయి:

అందరికీ నమస్కారం. వచ్చే మాఘంలో నా పెళ్లి. మాది తాడేపల్లిగూడెం పక్కన ఊరు, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇంట్లో ఎవరి దగ్గర ఈ విషయం ఎత్తినా "పెళ్లి ముందు గొడవలెందుకు" అంటున్నారు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా అన్నయ్యకు 34 ఏళ్లు. 1993లో, రెండో ఏడు నడుస్తుండగా పోలియో వచ్చింది. మూడు రోజులు జ్వరం తగ్గకపోతే అమ్మ ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి ఎత్తుకెళ్లింది. తుంటికి ఇంజెక్షన్ వేశారు. మర్నాడు పొద్దున మంచం దింపి నిలబెడితే కాళ్లు నిలవలేదట. ఆ ఇంజెక్షన్ వేయించింది తనే కదా అని అమ్మకు ఇప్పటికీ బాధ. ఎవరైనా ఆ ప్రస్తావన తెస్తే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

అన్నయ్య క్యాలిపర్లు, చంకకర్రలతోనే బీకాం వరకు చదివాడు. బస్టాండు దగ్గర జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నడుపుతున్నాడు. నా బీటెక్ ఆఖరి రెండేళ్ల హాస్టల్ ఫీజు ఆ షాపు డబ్బే. నాలుగేళ్ల కిందట భుజాల నొప్పులు మొదలయ్యాయి, ఉన్న బలం కూడా తగ్గుతూ వచ్చింది, వీల్‌చైర్‌కి మారాడు. ఇంట్లో ఒకటి, షాపులో ఒకటి. మధ్యలో తిరగడానికి సైడ్ వీల్స్ పెట్టించిన స్కూటీ. "ఇన్నాళ్లూ నడిచినవాడివి, ఇప్పుడేంట్రా కుర్చీ ఎక్కావు, బద్ధకమా" అని చుట్టాలు మొహం మీదే అన్నారు. మా పెద్దమ్మ అయితే "సదరం సర్టిఫికెట్ ఉంది, నెలకి 6,000 పింఛను వస్తోంది, వాడికి ఇంకేం లోటు" అంటుంది.

పెళ్లిచూపుల రోజు జరిగింది చెప్పాలి. ఆ ఉదయం పెద్దమ్మ వచ్చి నాన్నతో, "వాళ్లు వచ్చి వెళ్లేదాకా అబ్బాయిని పక్కింట్లో కూర్చోబెట్టండి, తర్వాత నెమ్మదిగా చెప్పుకోవచ్చు" అంది. నాన్న ఏమీ మాట్లాడలేదు. నేను గదిలో జడ వేసుకుంటున్నాను, విన్నాను. హాల్లో ఉన్న అన్నయ్య కూడా విన్నాడు. రెండు నిమిషాలాగి, "అమ్మా, షాపులో పనుంది, వెళ్లొస్తా" అన్నాడు. ఆ రోజు ఆదివారం. ఆదివారం షాపు తియ్యడు. సాయంత్రం అందరూ వెళ్లాక వచ్చి, "ఎలా ఉన్నాడే అబ్బాయి, నీకు నచ్చాడా" అని అడిగాడు. పొద్దున్నుంచీ ఏం తిన్నావు అని కూడా నేను అడగలేదు. అప్పుడు నోరు తెరవకపోవడం నా తప్పే.

తర్వాత ఆ అబ్బాయికి నేనే ఫోన్ చేసి అంతా చెప్పాను. మనిషి మంచివాడు. తర్వాతి శనివారమే హైదరాబాద్ నుంచి వచ్చి అన్నయ్య షాపులో గంటసేపు కూర్చుని వెళ్లాడు. కానీ వాళ్ల ఇంట్లోవాళ్లకి రెండు అనుమానాలు, మధ్యవర్తి ద్వారా మాకు చేరాయి. ఒకటి, "ఇది వాళ్ల వంశంలో ఉందా, రేపు పిల్లలకి వస్తుందా" అని. రెండోది, "మండపం మీద ఆయన ఎందుకు, కింద ముందు వరసలో కూర్చోబెడితే సరిపోతుంది కదా" అని.

ఇప్పుడు ఫంక్షన్ హాల్ సంగతి. అడ్వాన్స్ ఇచ్చేశాం. వాకిట్లో మూడు మెట్లు, స్టేజీకి పక్కనుంచి నాలుగు మెట్లు. ర్యాంప్ ఉందా అని అడిగితే మేనేజర్ "దాందేముందమ్మా, నలుగురు కుర్రాళ్లని పెడతాను, కుర్చీతో సహా ఎత్తి పైన పెడతారు" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. కానీ రెండేళ్ల కిందట బంధువుల గృహప్రవేశంలో అన్నయ్యను అలాగే ఎత్తారు. ఒకడు ముందు చక్రం పట్టుకున్నాడు, ఇంకొకడు చేతులు పెట్టుకునే కమ్మీ పట్టుకున్నాడు. ఆ కమ్మీ పైకి ఊడి వచ్చే రకం, ఊడి చేతిలోకొచ్చింది. కుర్చీ ఒక పక్కకి ఒరిగింది, అన్నయ్య పంచె జారిపోయింది. పడకుండా ఎవరో పట్టుకున్నారు. చుట్టూ ఆడవాళ్లు, పిల్లలు. ఆ తర్వాత ఏ శుభకార్యానికీ వెళ్లలేదు. చదివింపుల కవరు మీద తన పేరు రాసి నా చేతికిచ్చి పంపిస్తాడు, అంతే.

లాజహోమంలో పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పోయాల్సింది అన్నగారు. మా పిన్ని "బాబాయి కొడుకున్నాడు కదా, వాడు పోస్తాడు, అదీ అన్నగారి వరసే" అంటోంది. నాకు నా అన్నయ్యే పొయ్యాలి. ఇందులో నేను తగ్గను.

మీలో ఎవరైనా ఇలాంటి పెళ్లి చేసినవాళ్లుంటే చెప్పండి. స్టేజీకి ర్యాంప్ కట్టించవచ్చా, ఎంత పొడుగు కావాలి? అత్తవారింట్లో ఆ అనుమానానికి ఏం చెప్పాలి?

రాజమండ్రి బాబాయ్:

అమ్మా, నీ మనసు మంచిది. కానీ నాలుగు పెళ్లిళ్లు చేసినవాడిగా ఒక మాట. సంబంధం కుదిరాక, అబ్బాయి కూడా మంచివాడన్నాక, చిన్నదానికి పట్టుబట్టి అత్తగారి దగ్గర మొదటి రోజే మాట పడకు. మీ అన్నయ్యను ముందు వరసలో గౌరవంగా కూర్చోబెట్టి, బట్టలు పెట్టి దండం పెట్టుకోండి. పేలాల దగ్గర బాబాయి కొడుకు ఉంటే తప్పేం లేదు. పెళ్లయ్యాక నీ ఇంట్లో నీ అన్నకి నువ్వు ఎంత మర్యాద చేసుకున్నా ఎవరూ అడ్డు చెప్పరు.

వైజాగ్ అక్క:

చెల్లెమ్మా, నాది వైజాగ్, బ్యాంకులో పనిచేస్తాను. 2009లో స్కూటర్‌ను లారీ గుద్దింది, వెన్నుపాము దెబ్బతింది. అప్పటి నుంచి వీల్‌చైర్‌లోనే ఉన్నాను. నీ పోస్టు రాత్రి చదివాను, నిద్ర పట్టలేదు.

ముందుగా ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. ఇంత రాశావు, పెద్దమ్మ మాట రాశావు, పిన్ని మాట రాశావు, మేనేజర్ మాట కూడా రాశావు. మీ అన్నయ్య ఏమంటున్నాడో ఒక్క ముక్క కూడా లేదు. ఆయన్ను అడిగావా? నా విషయంలో మా ఇంట్లోవాళ్లు ఏడేళ్లు ఇదే చేశారు. ప్రేమతోనే చేశారు. "దానికి ఇబ్బందవుతుంది" అని వాళ్లలో వాళ్లే అనుకుని నన్ను ఎన్ని పెళ్లిళ్లకు తీసుకెళ్లలేదో. నాకు ఇబ్బంది అవునో కాదో నన్నెవరూ అడగలేదు. ఈ పోస్టుకి వచ్చే జవాబులన్నీ చదివే ముందు ఫోన్ తీసి ఆయనతో మాట్లాడు. మండపం మీదికి రావాలని ఆయనకు ఉందా? ఉంటే ఎలా రావాలనుకుంటున్నాడు? ఆయనకు ఇష్టం లేకపోతే నువ్వు బలవంతం చేయడం కూడా తప్పే.

ర్యాంప్ లెక్క చాలా తేలిక. ఒక వంతు ఎత్తుకి పన్నెండు వంతుల పొడుగు. అంటే అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల ర్యాంప్. మెట్టు ఆరంగుళాలనుకుంటే మీ వాకిలి అడుగున్నర, దానికి 18 అడుగులు కావాలి. స్టేజీ రెండడుగులైతే 24 అడుగులు. ఆ లెక్క చూడగానే హాలువాళ్లు "అంత జాగా లేదండి" అని ఆరడుగుల చెక్క వేస్తారు. నిట్టనిలువు ర్యాంప్ మెట్లకన్నా ప్రమాదం. ఎక్కేటప్పుడు కుర్చీ వెనక్కి తిరగబడుతుంది, దిగేటప్పుడు మనిషి ముందుకి పడతాడు. ఒకసారి నేను అలా పడి ముందు పళ్లు రెండు పోగొట్టుకున్నాను. కాబట్టి ర్యాంప్ పొడుగు పెంచలేకపోతే స్టేజీ ఎత్తు తగ్గించమను. అసలు మండపం స్టేజీ మీదే ఉండాలని ఎక్కడుంది? మన చిన్నప్పుడు పెళ్లిళ్లు ఇంటి ముందు పందిట్లో, నేల మీదే కదా జరిగింది. వీడియో కోసం, వెనకవాళ్లకి కనపడటం కోసం వచ్చిన ఎత్తు ఇది.

ర్యాంప్ మీద ఎర్ర తివాచీ వదులుగా పరవనివ్వకు, చిన్న చక్రాలు దాంట్లో చుట్టుకుపోతాయి. పరిస్తే మేకులు కొట్టి బిగించాలి. రెండు పక్కలా రెండంగుళాల అంచు ఉండాలి, లేకపోతే చక్రం జారి కిందికి దిగిపోతుంది.

ఇంక ఎవరూ మాట్లాడని విషయం బాత్రూం. ఫంక్షన్ హాళ్లలో చాలా చోట్ల ఆ తలుపు రెండడుగులే ఉంటుంది. మామూలు మడత కుర్చీ వెడల్పు 25, 26 అంగుళాలు. అందుకే పెళ్లి ఉందంటే ముందు రోజు సాయంత్రం నుంచే నేను నీళ్లు తాగడం తగ్గించేసేదాన్ని. అక్కడ అందరూ "ఒక్క కూల్‌డ్రింకైనా తాగండి" అని బతిమాలుతుంటారు, నేను నవ్వుతూ వద్దంటుంటాను. ఎందుకు వద్దంటున్నానో ఎవరికీ తెలియదు. అలా చేసి చేసి యూరిన్ ఇన్ఫెక్షన్‌తో రెండుసార్లు ఆసుపత్రిలో పడ్డాను. నీ పెళ్లి తెల్లవారుజామున అయితే మీ అన్నయ్య రాత్రంతా హాల్లో ఉండాలి. తలుపు కొలిచి చూడు.

భోజనాల దగ్గర ఒక బల్ల చివర కుర్చీలు రెండు తీయించి ఖాళీ వదిలించు. ఆయన్ను విడిగా ఒక మూల కూర్చోబెట్టి వడ్డించకండి, పంక్తిలోనే కూర్చోవాలి.

చట్టం కూడా ఒకసారి చెప్పి ఉంచుతాను. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో పబ్లిక్ బిల్డింగ్ అంటే ప్రభుత్వ ఆఫీసు ఒక్కటే కాదు, జనం వచ్చిపోయే ప్రైవేటు భవనాలు కూడా. కొలతలన్నీ ఉత్త సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరిగా పాటించాల్సిన నిబంధనలు విడిగా పెట్టండి అని 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. మేనేజర్‌తో గొడవ పెట్టుకోమని ఇది చెప్పడం లేదు. "ఏదో మా అవస్థ, కాస్త సర్దండి" అని బతిమాలే గొంతుతో అడగొద్దని చెబుతున్నాను. మీరు డబ్బు కట్టి హాలు తీసుకుంటున్నారు.

రాజమండ్రి బాబాయ్ గారూ, మీ మాట కాదంటున్నందుకు క్షమించండి. ముందు వరసలో గౌరవంగా కూర్చోబెట్టారు నన్ను చాలాసార్లు. తలంబ్రాలప్పుడు అందరూ లేచి మండపం చుట్టూ మూగుతారు. కూర్చున్నవాళ్లకి వీపులు కనపడతాయి. మా సొంత తమ్ముడి పెళ్లిలో జీలకర్ర బెల్లం నేను చూడలేదు, తర్వాత వీడియోలో చూశాను.

రిటైర్డ్ ఏఎన్ఎం:

అమ్మాయ్, మీ అత్తవారి అనుమానానికి నేను చెబుతాను. పశ్చిమ గోదావరిలోనే పల్లెల్లో 30 ఏళ్లు పనిచేశాను. 1995లో పల్స్ పోలియో మొదలైనప్పుడు ఐస్ బాక్సు భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగినదాన్ని. నీకు 25, 26 ఏళ్లుంటే నీకు చుక్కలు వేసి ఎడమ చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టింది మాలాంటివాళ్లమే.

పోలియో వంశంలో వచ్చేది కాదు. రక్తంలో ఉండేది కాదు, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగేది కాదు. అది వైరస్. కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా నోట్లోంచి పేగుల్లోకి పోతుంది. సోకినవాళ్లలో చాలామందికి ఏమీ కాదు, 200 మందిలో ఒకరికి అది వెన్నులో కండరాలను కదిలించే నరాల కణాలను దెబ్బతీస్తుంది. అంతే. మన దేశంలో సహజంగా వ్యాపించే (వైల్డ్) పోలియో వైరస్ ఆఖరి కేసు 2011 జనవరిలో, పశ్చిమ బెంగాల్‌లో. 2014 మార్చిలో మన దేశమున్న ఆగ్నేయాసియాకు పోలియో లేని ప్రాంతంగా డబ్ల్యూహెచ్‌ఓ సర్టిఫికెట్ ఇచ్చింది. నీ పిల్లలకి అందరి పిల్లల్లాగే చుక్కలు, టీకాలు వేయించుకుంటావు, ఇంకేం భయం? మధ్యవర్తి చేత చెప్పించకు. వాళ్లకు నమ్మకమున్న డాక్టర్‌నే అడగమను.

ఇప్పుడు మీ అమ్మగారి గురించి. ఇది ఆవిడకు చదివి వినిపించు. అమ్మా, ఆ జ్వరమే పోలియోది. ఇంజెక్షన్ వేయకముందే వైరస్ బిడ్డ ఒంట్లో ఉంది. అలాంటి జ్వరంలో కండకు సూది వేస్తే పక్షవాతం వచ్చే అవకాశం పెరుగుతుందని డాక్టర్లు చెబుతారు, అది నిజమే, దాచను. కానీ అది పోలియో జ్వరమని 1993లో మీకెలా తెలుస్తుంది? సూది వేసినాయనకే తెలియదు. నా సర్వీసులో ఇదే కథ ఎందరు తల్లుల నోట విన్నానో. "నేనే తీసుకెళ్లానమ్మా" అని ఒక్కొక్కరూ ఇరవై ఏళ్లయినా ఏడ్చేవాళ్లు. బిడ్డకు ఒళ్లు కాలిపోతుంటే ఏ తల్లయినా సూదికే పరిగెత్తుతుంది. ఆ వైరస్‌ను మీరు తేలేదు. 

బద్ధకం అన్నవాళ్లకి కూడా ఒకటి చెప్పు. పోలియో వచ్చిన చాలా ఏళ్లకు, ఒక్కోసారి 30 ఏళ్లకు, మళ్లీ నీరసం, నొప్పులు, కొత్తగా బలం తగ్గడం వస్తాయి. పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. మిగిలిన కొద్ది నరాలు అంతకాలం రెండింతల పని చేసి అలిసిపోతాయి. పట్టుదలతో ఇంకా ఎక్కువ నడిస్తే ఇంకా దెబ్బతింటాయి. మీ అన్నయ్య కుర్చీ ఎక్కి మంచి పనే చేశాడు. ఒకసారి నరాల డాక్టర్‌కు కూడా చూపించండి, భుజాల నొప్పిని వదిలేయకండి. ఇక ఆయనకు భుజాలే కాళ్లు.

కోనసీమ పంతులు:

లాజహోమం గురించి అడిగారు కాబట్టి. పెళ్లికూతురు దోసిట్లో సోదరుడు పేలాలు వేస్తాడు, వాటిని అగ్నిలో హోమం చేస్తారు, అగ్ని చుట్టూ ప్రదక్షిణ చేస్తారు. ఇలా మూడుసార్లు. సోదరుడు నిలబడే వెయ్యాలని ఎవరూ పట్టుబట్టనక్కర్లేదు. చెయ్యి అందితే చాలు. ఇబ్బంది అంతా ఎత్తు దగ్గరే. పీటల మీద కూర్చున్న అమ్మాయి దోసిలికీ కుర్చీలో ఉన్న అన్నగారి చేతికీ తేడా ఎక్కువ ఉంటుంది. అమ్మాయిని లేచి నిలబడమంటే సరిపోతుంది. హోమగుండం పక్కన కుర్చీ పట్టేంత చోటు వదలమని డెకరేషన్ వాళ్లకి ముందే చెప్పండి, పూలకుండీలన్నీ అక్కడే పెట్టేస్తారు. మీ పురోహితుడు గారితో ఇప్పుడే ఒక మాట అనేసి ఉంచండి. పీటల మీద కూర్చున్నాక చెబితే ఆయనకు కూడా టెన్షన్.

షామియానా మేస్త్రి:

నేను స్టేజీలు కడతాను. అక్క చెప్పిన లెక్క కరెక్టే. రెండడుగుల స్టేజీ హాలువాళ్లది సిమెంటుదా, లేక చెక్కదా? సిమెంటుదైతే దాన్ని వదిలెయ్యండి. హాల్లో నేల మీదే, ఎనిమిదంగుళాల ఎత్తులో 16 అడుగులు బై 16 అడుగుల ప్లాట్‌ఫాం వేయించుకుని మండపం దాని మీద కట్టించండి. ఎనిమిదంగుళాలకి ఎనిమిదడుగుల ర్యాంప్ చాలు, వెడల్పు నాలుగడుగులు పెట్టండి. పక్కన మనిషి కూడా నడవొచ్చు. ఇనప ఫ్రేము, పైన 18 ఎంఎం ప్లైవుడ్. 12 ఎంఎం వేస్తామంటారు, ఒప్పుకోవద్దు, మధ్యలో వంగుతుంది. నా పనిలో ర్యాంప్ అడిగిన పెళ్లివారు ఇప్పటిదాకా ఇద్దరే. ఇద్దరి పెళ్లిళ్లలోనూ ముసలాళ్లు, చంటిపిల్లలని ఎత్తుకున్న ఆడవాళ్లు, కొబ్బరిబొండాల బుట్టలు మోసేవాళ్లు, అందరూ దాని మీదనుంచే ఎక్కారు. మెట్ల వైపు ఎవరూ వెళ్లలేదు.

గూడెం అమ్మాయి:

పది రోజులకి మళ్లీ రాస్తున్నాను. అందరికీ చాలా చాలా థ్యాంక్స్.

వైజాగ్ అక్కా, మీరు అడిగింది నిజమే, నేను అన్నయ్యను అడగలేదు. ఆ రాత్రే ఫోన్ చేశాను. ముందు "నీ పెళ్లి బాగా జరిగితే చాలు, నేను ఎక్కడుంటే ఏముంది" అన్నాడు. నేను ఊరుకున్నాను. కాసేపాగి, "ఎత్తితే మాత్రం రాను" అన్నాడు. ఇంకాసేపటికి, "స్టేజీ కొలతలు తెలుసా నీకు? తెలీకుండా ఏం మాట్లాడతావే, నేను వెళ్లి చూస్తాను" అన్నాడు. అంటే రావాలని ఉంది.

ఆదివారం ఇద్దరం వెళ్లాం. మనిషిని తీసుకెళ్లి చూపిస్తే మేనేజర్ మాట్లాడే పద్ధతే మారింది. మొదటి పది నిమిషాలు మాత్రం అన్నయ్య ఎదురుగా ఉండగా నన్నే చూస్తూ "ఈయన కొద్దిగా నిలబడగలరా అమ్మా, ఈయన ఎంతసేపు కూర్చోగలరు" అని అడిగాడు. అన్నయ్యే "అండీ, నన్నడగండి, నేను చెబుతాను" అన్నాడు. ఆ తర్వాత టేపు అన్నయ్య చేతికిచ్చాడు. వాకిలి మూడు మెట్లూ కలిపి 19 అంగుళాలు. కుడి పక్క కార్లు పెట్టే చోట గోడ వెంబడి 20 అడుగుల జాగా ఉంది. కొలతలు తీసింది, నోట్ చేసింది అంతా అన్నయ్యే.

అప్పుడు మేనేజర్ ఒక మాట అన్నాడు, "అసలు ఇంత ఎందుకు సార్, వెనక వంటవాళ్ల దారికి మెట్లే లేవు, గిన్నెలు, గ్యాస్ సిలిండర్లు అటునుంచే వస్తాయి, మీరూ అటునుంచి వచ్చేయొచ్చు" అని. నాకు ప్రాణం లేచి వచ్చింది, ఖర్చు తప్పిందనుకున్నాను. అన్నయ్య వెళ్లి ఆ దారి చూశాడు. నేలంతా నూనె, కూరగాయల తొక్కలు. వెనక్కి తిరిగి వచ్చి, "పెళ్లికూతురి అన్నని. వియ్యాలవారు వస్తే ఎదురు సన్నాహానికి ముందు గుమ్మంలో ఉండాలి. ఈ దారిలో రానండి" అన్నాడు. గట్టిగా అనలేదు. మా అన్నయ్య తన కోసం ఏదైనా కావాలని అడగడం నేను పుట్టాక అదే మొదటిసారి చూశాను.

ముందు గుమ్మానికి 19 అడుగుల ర్యాంప్ ఖాయమైంది. మండపం మేస్త్రి గారు చెప్పినట్టే కింద, ఎనిమిదంగుళాల ప్లాట్‌ఫాం మీద. మాకు తెలిసిన టెంట్ హౌస్ అతను పొడవైన ర్యాంప్ ఎప్పుడూ కట్టలేదట, మీ పోస్టు చూపించాను, అలాగే చేస్తానన్నాడు. బాత్రూం తలుపు కొలిస్తే 23 అంగుళాలే వచ్చింది. అది మార్చడం కుదరదన్నారు. హాలు పక్కన లాడ్జీలో కింది గదుల్లో ఒకటి తలుపు వెడల్పుగా ఉంది, ఆ గది రెండు రోజులకి తీసుకున్నాం. ఇంతకన్నా మంచి ఉపాయం ఉంటే చెప్పండి.

ఏఎన్ఎం అమ్మగారూ, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. ఈసారి లేచి వెళ్లలేదు. ఇంకోసారి చదవమంది. చదివాను. "ఆ తల్లులందరూ అలాగే అనేవాళ్లా" అని అడిగింది. ఆ తర్వాత ఏమీ అనలేదు, కానీ రాత్రి నాన్నతో చాలాసేపు మాట్లాడుతుంటే విన్నాను. మర్నాడు నాన్న తనంతట తనే పెళ్లికొడుకు వాళ్ల నాన్నగారికి ఫోన్ చేసి, "మా అబ్బాయి మండపం మీద ఉంటాడు, పేలాలు వాడే పోస్తాడు, పెళ్లిచూపుల రోజు వాడిని మీకు పరిచయం చేయకపోవడం నా పొరపాటు" అని చెప్పారు. ఆయన "అయ్యో, దానికేముందండి" అన్నారట. కాబోయే అత్తయ్యగారికి మాత్రం ఇంకా పూర్తిగా మనసు కుదరలేదని తెలుస్తోంది. ఆమె వచ్చి అన్నయ్యతో నాలుగు మాటలు మాట్లాడితే సరిపోతుందని నా నమ్మకం. పిలిచాను. పండక్కి వస్తామన్నారు.

రాజమండ్రి బాబాయ్ గారూ, మీరు నా మంచి కోరే చెప్పారని తెలుసు. మీరూ పెళ్లికి రావాలి.

ఇంకొక్క సందేహం. పట్టుపంచె అంచు చక్రం పుల్లల్లో చుట్టుకుంటోంది. దానికేం చెయ్యాలి?

వైజాగ్ అక్క:

చదివి ఎంత సంతోషించానో. పుల్లలకి ప్లాస్టిక్ రేకుల్లాంటి స్పోక్ గార్డులు దొరుకుతాయి, అవి బిగిస్తే బట్ట లోపలికి పోదు. దొరక్కపోతే అట్టముక్క గుండ్రంగా కోసి కట్టినా ఒక రోజుకి చాలు. పంచె నడుము దగ్గర కుట్టించి, వెల్క్రో పెట్టించు. ఎక్కడా జారదు, ఆయనకు ఆ భయం ఉండదు. నా పట్టుచీరలు కూడా అలాగే కుట్టించుకుంటాను. లాడ్జీ గది మంచి ఆలోచన. కానీ హాలుకీ లాడ్జీకీ మధ్య రోడ్డు ఎలా ఉందో రాత్రిపూట ఒకసారి చూసి రండి.

గూడెం అమ్మాయి:

చూస్తాం అక్కా. నిన్న రాత్రి ఇంట్లో పేలాలు తెచ్చి ఒకసారి చేసి చూశాం. పంతులుగారు చెప్పినట్టు నేను నిలబడి దోసిలి పట్టాను. చాట అన్నయ్య ఒళ్లో నిలవడం లేదు, తొడలు సన్నం కదా, జారిపోయి రెండుసార్లు పేలాలన్నీ నేల మీద పడ్డాయి. అమ్మ లోపల్నుంచి అంచున్న ఇత్తడి గిన్నె తెచ్చి ఇచ్చింది. దాన్ని ఎడమ చేత్తో పొట్టకి ఆనించి పట్టుకుని కుడిచేత్తో పోశాడు. మూడుసార్లూ సరిగ్గా వచ్చింది.